ఉన్ని లెక్క, నూలు లెక్క

ఉత్తర హిందూస్థానంలో మాఘమాసం చివరినుండి హోలీ పండుగ వరకు ఉండే చలికి హిందీలో ‘గులాబీ జాడా’ అని పేరు. ఎముకలు కొరికే చలి తగ్గిపోయి, ఉదయ సాయంకాలాలలో మాత్రం మృదువుగా ఒంటికి తగిలే చలి అది. దానికి దుప్పటి ఎక్కువ, వట్టి చొక్కా తక్కువ. ఢిల్లీలో ఆ కొద్ది వారాలకోసమే సన్నని దారంతో చేతులు లేని పలుచని స్వెట్టర్లు అల్లుతారు. వసంతానికి కావలసిన ఆ అంగీని పుష్యమాసపు ఎండలోనే మొదలుపెట్టవలె. ఆలస్యమైనదా, పని ముగిసేసరికి ఋతువే మారిపోతుంది. అంగీ పెట్టెలోకి పోతుంది. మరుసటి యేటికి పిల్లవాని భుజాలు అందులో పట్టవు.

హిందీలో మగ్గంపై బట్ట నేయడానికీ, రెండు పుల్లలతో స్వెట్టరు అల్లడానికీ ఒకటే క్రియ: ‘బున్‌నా’. తెలుగులో నేత వేరు, అల్లిక వేరు. నేతకు పడుగూ పేకా రెండూ కావలె. అల్లికకు ఒక్క దారమే చాలును, అది తనలో తానే ఉచ్చులు పడుతూ వస్త్రమవుతుంది. ఆ ఉచ్చును హిందీ స్త్రీలు ‘ఫందా’ అంటారు. వేటగాని ఉచ్చుకూ, ఉరిత్రాటికీ కూడా అదే మాట. కాని మనుమని టోపీకి ఎనభై ఫందాలు వేయమని కోడలికి చెప్పే ముసలమ్మకు ఆ సంగతి స్ఫురించనే స్ఫురించదు. ‘సలాయీ’ అనే మాట మరింత చిక్కు పెడుతుంది. అది అల్లే పుల్లకు పేరు. ఆ పుల్లమీద ఒక కొసనుండి మరొక కొసకు అల్లిన వరుసకూ పేరు. ‘పన్నెండు నంబరు సలాయీ’ అంటే సన్నని పుల్ల, ఎందుకంటే పాత ఇంగ్లీషు కొలతలో అంకె పెరిగినకొద్దీ పుల్ల సన్నబడుతుంది. ‘పన్నెండవ సలాయీ’ అంటే పన్నెండవ వరుస. హిందీ మహిళా పత్రికలు శీతకాలంలో వెలువరించే అల్లిక సంచికలలో ‘సీ.’ అంటే సీధా, ‘ఉ.’ అంటే ఉల్టా, ‘ఫం.’ అంటే ఫందా. పుట నిండా ఇట్టి పొడి అక్షరాలే. తెలియనివారికి అది వైద్యుని చీటీ, తెలిసినవారికి చొక్కా.

ఢిల్లీలో ఒక ప్రభుత్వోద్యోగి క్వార్టరులో ముప్పై ఏండ్లు కాపురమున్న ఒక గృహిణి ఏనాడూ పత్రిక చూచి అల్లినది కాదు. చలికాలపు మధ్యాహ్నాలలో ఇరుగుపొరుగు స్త్రీలతో కలసి పచ్చికమీద కూర్చొని, వీపు ఎండకు అప్పగించి, మాటలాడుతూనే అల్లేది. బస్సులో ముందు నిలబడిన స్త్రీ వీపుమీది నమూనాను, దిగవలసిన చోటు వచ్చేలోపల కంటితోనే లెక్కించుకొని, ఇంటికి వచ్చి అల్లగలదు. మాటలలో ప్రేమ చూపడం ఆమెకు అంతగా చేతకాదు. భర్తకూ, బిడ్డలకూ, మరది పిల్లలకూ ఆమె చెప్పదలచుకొన్నదంతా ఉన్నిలోనే చెప్పినది.

1988 మార్గశిరంలో పెద్ద కుమార్తె వివాహమైనది. అల్లునికి విశాఖపట్నంలో ఉద్యోగం. ఆ సముద్రతీరాన మాఘమాసంలోనైనా ఒంటిమీద ఉన్ని నిలువదు. ప్రయాణపు సామాను సర్దేటప్పుడు కుమార్తె, ఒంటిమీది స్వెట్టరు ఒక్కటి తప్ప తక్కినవన్నీ తీసి చెల్లెలి అరలో పెట్టినది. తల్లి ఏమీ అనలేదు. పెట్టె మూత వేయడానికి చేయి సాయం పట్టినది.

ఆ ఫాల్గునంలో ఆమె మొదటిసారిగా నూలుదారం కొన్నది. జాలీ అల్లిక చొక్కా ఒకటి మొదలుపెట్టినది. జాలీలో తేలికదనం తెచ్చేది దారం కాదు, దారం లేని చోటు. దారాన్ని ముందుకు తెచ్చి పుల్లమీద ఊరక ఒక చుట్టు వేస్తే కొత్త ఫందా పుడుతుంది, దాని క్రింద రంధ్రం మిగులుతుంది. రంధ్రానికొక ఫందా పెరుగుతుంది గనుక, మరొకచోట రెండింటిని కలిపి ఒకటి చేయవలె; లేకుంటే వస్త్రం విసనకర్రవలె విచ్చుకొనిపోతుంది. అలల జాలీలో 18 ఫందాలకు ఒక ఆవృత్తి. మొదటి ఆరింటిని జంటలుగా కలిపి మూడు చేస్తారు. నడిమి ఆరింటికి ఒక్కొక్కదాని ముందు ఒక్కొక్క చుట్టు వేసి పన్నెండు చేస్తారు. చివరి ఆరింటిని మరల మూడు చేస్తారు. పోయినదీ వచ్చినదీ సరిపోతుంది. నాలుగు వరుసలలో ఒక్కదానిలోనే ఈ పని, తక్కిన మూడూ సాదావి. ఈ జాలీకి పుట్టినిల్లు స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండు దీవులు. అక్కడి సన్నని ఉన్ని శాలువ ఉంగరంలోనుండి దూరుతుందని ప్రసిద్ధి. అగ్గిపెట్టెలో పట్టే చీరను ఎరిగిన తెలుగువారికి అది అంత వింతగా తోచకపోవచ్చును. ఢిల్లీ గృహిణికి షెట్లాండు పేరు తెలియదు. ఆమెకు అది లహరియా.

ఉన్నితో వేసే లెక్కనే నూలుకూ వేసినది. అంగుళానికి ఆరు ఫందాలు. 36 అంగుళాల చుట్టుకొలతకు 216. ముందుకు 108, వెనుకకు 108, అంటే ఒక్కొక్క ప్రక్క ఆరు అలలు. నిలువున అంగుళానికి ఎనిమిది వరుసలు. 21 అంగుళాలకు 168. ఎక్కడా తప్పు లేదు. పార్సెలు వెళ్ళినది. వైశాఖంలో వచ్చిన జాబులో కుమార్తె క్షేమసమాచారాలన్నీ వ్రాసి, చివర, “అమ్మా, నీ చొక్కా రెండుసార్లు ఉతికేసరికి గౌను అయినది” అన్నది. నవ్వించడానికే వ్రాసినది. తల్లికి నవ్వు రాలేదు. ముప్పై ఏండ్లలో ఆమె అల్లిక కొలత తప్పినదన్న మాట అదే మొదలు.

తప్పు చేతిది కాదు, పోగుది. ఉన్నిపోగుకు సహజంగా వంకీలుంటవి. లాగితే సాగి, విడిస్తే తిరిగి ముడుచుకొంటుంది. నడుముపట్టీలో రెండు సీధా, రెండు ఉల్టా వేసేది ఆ గుణాన్ని నమ్ముకొనే. నూలుకు ఆ వంకీ లేదు. సాగినది సాగినట్లే ఉంటుంది. తడిస్తే బరువెక్కుతుంది, తీగమీద వేస్తే తన బరువుకు తానే క్రిందికి దిగుతుంది. ఉన్నిలో ఒక ఫందా బిగువుగా, ఒకటి వదులుగా పడినా ఉతికేసరికి సర్దుకొంటవి. నూలు దేనినీ కప్పిపుచ్చదు. బరువైన స్వెట్టరు అల్లడమే గొప్ప పని అని, వేసవి అల్లిక ఆటవంటిదని అనుకొనేవారు ఒక్క నూలు చొక్కా అల్లి చూడవలె.

ఆమె అరచేతి మేర జాలీ ముక్క అల్లి, ఉతికి, అడుగున బట్టల క్లిప్పులు తగిలించి తీగకు వ్రేలాడదీసినది. ఆరిన తరువాత కొలిస్తే నిలువున అంగుళానికి ఏడు వరుసలే వచ్చినవి. 168 వరుసలు 24 అంగుళాలకు దిగుతవి. ఇక ఒంటిమీద దినమంతా లాగుడు పడితే చెప్పేదేమున్నది? 147 వరుసలు చాలును. అల నాలుగు వరుసలది గనుక 148. భుజం కుట్టులో సాగని నాడా ఒకటి లోపల పెట్టి కుట్టినది. నడుముపట్టీ మానివేసి, అంచున అన్ని వరుసలూ సీధాయే వేసినది. ఇన్ని మార్పులను కన్ను మోయలేదు. కుమార్తె పాత బడి నోటుపుస్తకంలో ఖాళీ పుటలు వెదకి, ఆమె మొదటిసారిగా ఒక నమూనాను వ్రాసిపెట్టినది. ‘సీ.’, ‘ఉ.’ అని పొడి అక్షరాలు కాక, ప్రతి మాటా పూర్తిగా వ్రాసినది.

రెండవ చొక్కా జ్యేష్ఠంలో విశాఖ చేరినది. అది సరిపోయినదో లేదో కుమార్తె వెంటనే వ్రాయలేదు. నమూనా కావలెనని వ్రాసినది. ప్రక్కవాటాలో నరసాపురం ప్రాంతపు ఒక పిన్నిగారున్నారు. గోదావరి డెల్టాలో ఆ వైపు స్త్రీలు క్రైస్తవ మిషనరీల కాలంనుండి, అనగా పందొమ్మిదవ శతాబ్దంనుండి, కొక్కెపు పుల్లతో నూలు లేసు అల్లుతూ వస్తున్నారు. ఆమెకు హిందీ రాదు, కుమార్తెకు తెలుగు అరకొర. ‘సలాయీ’ పుల్ల ఎక్కడ, వరుస ఎక్కడ అన్నది చెప్పలేక కుమార్తె చొక్కానే ఆమె ఒడిలో పెట్టినది. పిన్నిగారు వ్రేలితో రంధ్రాలు లెక్కపెట్టుకొంటూ ఒక అల దాటి, “మేము ఒక్క పుల్లతో చేసేదాన్ని మీ అమ్మగారు రెండింటితో చేస్తారన్నమాట” అన్నారు. తరువాత, “ఇంతకూ దీన్ని తీగమీద ఎందుకు వేస్తావమ్మాయీ? చాపమీద పరచి ఆరబెట్టు, సాగదు” అన్నారు.

కుమార్తె ఆ మాట జాబులో వ్రాసినది. తల్లి నోటుపుస్తకం తీసి, 148 అన్న అంకె క్రింద, “చాపమీద పరచి ఆరవేయవలె. విశాఖపట్నం వారు చెప్పినది” అని చేర్చుకొన్నది.