అక్కడ 52 గంటలు, మరి ఇక్కడ?

మా కడప, కర్నూలు ఇళ్లలో పాలిటెక్నిక్ పాసైన పిల్లోడికి ఇప్పుడు పెనుకొండ ఒక దారి. 2019లో అక్కడి కొరియా కంపెనీ కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక, ఆ చుట్టుపక్కల కొరియా విడిభాగాల కంపెనీలు చాలానే వెలిశాయి. వానను నమ్ముకున్న సీమలో నెలనెలా జీతం రావడం చిన్న సంగతి కాదు. దాన్ని నేను తక్కువ చేయను.

కానీ మా వీధి పిల్లోడు ఒకడు అట్లాంటి ఒక కంపెనీలో చేస్తాడు. షిఫ్టు అయిపోయినా కొరియా మేనేజరు సీట్లోంచి లేచేదాకా ఎవరూ బ్యాగు భుజానికి తగిలించుకోరంట. ఆ కూర్చున్న గంట జీతం స్లిప్పులో కనపడదు. ఉగాదికి ఊరికి పోతానంటే సూపర్‌వైజరు మొహం మాడ్చుకుంటాడు.

దక్షిణ కొరియాలోనేమో ఓవర్‌టైమ్‌తో కలిపి వారానికి 52 గంటలు మించకూడదని 2018 నుంచి చట్టం అమలవుతోంది. అక్కడి పిల్లలకు అవసరమైన విశ్రాంతి మా పిల్లలకు అక్కర్లేదా?

2024లో తమిళనాడు శ్రీపెరుంబుదూరులో, ఇంకో కొరియా కంపెనీ శాంసంగ్ ఫ్యాక్టరీలో వెయ్యిమందికి పైగా కార్మికులు 37 రోజులు సమ్మె చేశారు. మెరుగైన జీతం, యూనియన్‌కు గుర్తింపు అడిగారు. 2025 జనవరిలో ఆ యూనియన్ రిజిస్టరైంది. గట్టిగా అడిగితేనే అదైనా జరిగింది.

మన కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాల. పిల్లోళ్లను ఉద్యోగానికి పంపే అమ్మానాయనలారా, జీతమెంతని అడిగినట్టే, ఆ రెట్టింపు పడుతోందా లేదా అని కూడా అడగండి.