చూపుతో తడిమే బట్ట

తొలకరి చినుకులు పడ్డాక చేలగట్ల మీద పాకే ఆరుద్ర పురుగును చూసినవాళ్లెవరైనా, దాన్ని ముట్టుకోకుండానే అది ఎంత మెత్తగా ఉంటుందో చెప్పేస్తారు. ముఖమల్ గుట్టు కూడా అదే. ఒకప్పుడు పెట్టెలకూ పరుపులకూ పరిమితమైపోయిందనుకున్న ఈ బట్ట, ఇప్పుడు వెల్వెట్ పేరుతో పెళ్లి బ్లౌజులకూ లెహంగాలకూ మగవాళ్ల బంద్‌గలా కోట్లకూ మళ్లీ ఎక్కింది. పాత ఫ్యాషన్ ఇరవయ్యేళ్లకోసారి తిరిగొస్తుందిలే అని చాలామంది తేల్చేస్తారు. తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆ లెక్క చెబితే చెప్పొచ్చు. పోయిన బట్టలన్నింటిలో ఇదే ఎందుకొచ్చిందో మాత్రం చెప్పదు. నాకు తోచే కారణం వేరు. బట్టను వేళ్లతో నలిపి చూసి కొనే అలవాటు తగ్గి, ఫోన్‌లో బొమ్మ చూసి కొనే అలవాటు పెరిగింది. చేతికి అందని స్పర్శను కంటికి అందించే బట్టకు ఇది మంచి కాలం.

ముఖమల్ అనేది నూలు పేరు కాదు, నేత పేరు. మామూలు పడుగు, పేకలకు తోడు ఇంకో పడుగు కూడా ఉంటుంది. ఆ దారాలను సన్నని కడ్డీల మీదుగా ఉచ్చుల్లా లేపి, వాటి తలలు కోస్తే నూగు నిలబడుతుంది. మిల్లుల్లోనైతే రెండు బట్టలను ఎదురెదురుగా ఒకేసారి నేసి, నడిమి దారాలను కత్తితో కోసి విడదీస్తారు. ముఖమల్ అన్న మాటకు మూలమైన అరబ్బీ పదమూ, వెల్వెట్‌కు మూలమైన లాటిన్ పదమూ రెండూ ఈ నూగునే పట్టుకున్నాయి. నూగు ఒకవైపుకు వాలి ఉంటుంది కాబట్టి ఒక దిక్కు నుంచి చూస్తే రంగు లేతగా, ఎదురు దిక్కు నుంచి చూస్తే చిక్కగా కనిపిస్తుంది. టైలరు ముక్కలన్నీ ఒకే దిక్కుకు కత్తిరించకపోతే, ఒకే తానులోంచి తీసిన రెండు చేతులూ రెండు రంగుల్లా తేలతాయి. తొడుక్కున్న మనిషి కదిలినప్పుడల్లా మడత అంచు మెరుస్తుంది, మడత లోపల చీకటి చేరుతుంది. ఆ వెలుగునీడలను చూసే కన్ను మెత్తదనాన్ని ఊహించుకుంటుంది. పట్టు అలా కాదు. అది వెలుగును తిప్పికొడుతుంది, కెమెరా ఫ్లాష్ పడితే తెల్లబోతుంది. ముఖమల్ వెలుగును తాగేసి, తన మీదున్న జరీని ముందుకు నెడుతుంది. నగల దుకాణాల వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు, అందుకే హారం పెట్టే పెట్టెకు లోపల అదే పరుస్తారు. పద్య నాటకాల వాళ్లకూ తెలుసు. చమ్కీలు కుట్టిన ముఖమల్ వేసుకుని దుర్యోధనుడు వస్తే, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా అతని దర్జా కనిపించాలి.

పాశ్చాత్య దేశాల్లోనూ ఈ బట్ట గుర్తుండిపోయింది ఫొటోల వల్లే. 1985లో శ్వేతసౌధంలో నటుడు జాన్ ట్రవోల్టాతో నాట్యం చేసినప్పుడు ప్రిన్సెస్ డయానా వేసుకున్నది ముదురు నీలం ముఖమల్ గౌను. 1996లో నటి గ్వినెత్ పాల్ట్రో ఎమ్‌టీవీ అవార్డులకు గూచీ వారి ఎర్ర ముఖమల్ సూటు వేసుకుంది. పాతికేళ్లకు, 2021లో, అదే సూటును కాస్త మార్చి కొత్తగా కుట్టినది వేసుకుని ఆ సంస్థ ప్రదర్శనకు వచ్చింది. ఆ సూటును చేత్తో తాకినవాళ్లు ఎంతమంది ఉంటారు?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇప్పుడు తిరిగొచ్చింది అసలు ముఖమలేనా? వెనిస్‌లో 1875 నాటి బెవిలాక్వా సంస్థలో చేతిమగ్గం మీద రోజంతా నేసినా దిగేది సుమారు 30 సెంటీమీటర్లే. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో నీలి, ఎర్ర ముఖమల్‌ను గొప్పింటి వాళ్లు తప్ప తొడగకూడదని చట్టమే ఉండేది. ఆ చోట ఇప్పుడు పాలిస్టర్ వచ్చి కూర్చుంది. నిజమే, కానీ నేతను బట్టి పేరు వచ్చినప్పుడు దారం మారినంత మాత్రాన పేరు పోదు. చట్టం కాపలా కాసింది కూడా కంటికి కనిపించే హోదాకే. అదిప్పుడు చవకగా దొరుకుతోందంటే నాకేమీ బాధ లేదు. బాధంతా మరోచోట ఉంది. చవక ముఖమల్ మోచేతుల దగ్గర, కూర్చునే చోట త్వరగా నూగు రాలి బట్టతల పడుతుంది. ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. తక్కువసార్లు ఉతుకుతాం కదా అన్న సమాధానం సగమే నిలబడుతుంది. బొమ్మ చూసి కొన్న బట్టను బొమ్మ పాతబడగానే పారేస్తే, కంటికి ఇచ్చిన ఈ పెద్దపీటే దానికి చేటవుతుంది.

ఇక మన ఎండలు. విజయవాడ వేసవిలో ముఖమల్ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఒళ్లంతా కప్పుకుంటే వాళ్ల మాటే నిజం. అయితే మనవాళ్లు దాన్ని ఒళ్లంతా కప్పుకోవడం లేదు. తేలికపాటి చీర మీదికి మోచేతుల దాకా చేతులున్న బ్లౌజు, దాని మీద మగ్గం వర్క్, చుట్టూ ఏసీ కల్యాణమండపం. జర్దోజీ బరువును మోయడానికి పల్చటి బట్ట చాలదు గనక అక్కడ ముఖమల్‌కు పనీ ఉంది. అదీ భరించలేమంటారా, నేత కూడా కానిది, జిగురు మీద నూగు చల్లి చేసిన గోరంత మెరూన్ ముక్క ఒకటి ఏ సీజనుతోనూ పని లేకుండా మన ఆడవాళ్ల నుదుట ఎన్నో ఏళ్లుగా ఉండనే ఉంది, స్టిక్కర్ బొట్టు పేరుతో.