ములుగు దారిలో అమ్మీ టికెట్టు

ములుగులో ఉన్న ఖాలాకు ఒంట్లో బాగాలేదని కబురు రావడంతో, ఫజర్ నమాజు ముగించుకొని అమ్మీ, నేను హనుమకొండ బస్టాండుకు చేరి ఏటూరునాగారం బస్సు ఎక్కాము. ఆత్మకూరు, మల్లంపల్లి, జాకారం దాటితే ములుగు. 2019 ఫిబ్రవరి 17న జిల్లా కేంద్రమైన ఈ ఊరు, రామప్ప చూడబోయే యాత్రికులకూ మేడారం వెళ్ళే భక్తులకూ మజిలీ.

అమ్మీ ఆధార్ కార్డు చూపగానే కండక్టరు తన యంత్రం నుండి ‘జీరో టికెట్టు’ తీసి ఇచ్చాడు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం ప్రారంభమైనప్పటి నుండి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు.

“పైసా ఇవ్వనప్పుడు ఈ కాగితం దేనికి బేటా?” అని అమ్మీ అడిగారు.

“ఈ టికెట్ల లెక్కను బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లిస్తుంది అమ్మీ. మీరు తీసుకోకపోతే ఆ సంస్థకు రావలసినది రాకుండా పోతుంది” అన్నాను.

“అయితే ఇది అమానత్” అంటూ ఆమె దానిని మడిచి బటువాలో దాచుకున్నారు.

నా టికెట్టుకు రెండు వందల నోటు ఇచ్చాను. చిల్లర లేక, రావలసిన మొత్తాన్ని కండక్టరు టికెట్టు వెనుక రాసి ముందుకు కదిలాడు. ఆ అంకెను చూసి అమ్మీకి హైదరాబాదు మెట్రో సంగతి చెప్పాను. 2017 నవంబరులో మొదలైన ఆ రైళ్ళలో కార్డును గేటుకు తాకిస్తే చాలు, ఛార్జీ దానంతట అదే తీసుకోబడుతుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. లోపల సన్నని తీగచుట్ట, చిన్న చిప్పు ఉంటాయి. గేటు యంత్రం వెదజల్లే రేడియో తరంగాల నుండే చిప్పుకు విద్యుత్తు అందుతుంది. హాంకాంగులో 1997 నుండి, లండనులో 2003 నుండి ఇటువంటి కార్డులున్నాయి. దేశమంతటా ఒకే కార్డు చెల్లాలని మన ప్రభుత్వం 2019 మార్చిలో ఉమ్మడి ప్రయాణ కార్డును ప్రవేశపెట్టింది. అందులో కొంత సొమ్ము కార్డులోనే నిలువ ఉంటుంది కనుక, ఫోను చెల్లింపులకు సిగ్నలు అందని తాడ్వాయి అడవి దారిలో సైతం అటువంటి కార్డు పనికిరాగలదు.

“మరి కార్డు లేనివారు?”

“లండను బస్సులలో 2014 నుండి నగదు తీసుకోవడమే మానివేశారు అమ్మీ.”

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. “ఇక్కడ అలా చేస్తే మీ ఖాలా ఆసుపత్రికి ఎలా వెళ్తుంది? ఆమె ఆధార్ కార్డే రెండుసార్లు పోగొట్టుకుంది” అన్నారు.

జాకారం దాటిన తరువాత కండక్టరు గుర్తుంచుకొని వచ్చి చిల్లర ఇచ్చాడు. జనం దిగడానికి తొందరపడుతుండగా నేను లెక్కచూడక జేబులో వేసుకున్నాను. ములుగు బస్టాండులో పండ్లు కొనబోయి చూస్తే యాభై రూపాయలు ఎక్కువ ఉన్నాయి.

“బస్సు ఇంకా కదలలేదు. పరుగెత్తు” అన్నారు అమ్మీ.

పరుగెత్తాను. కండక్టరు మెట్టుమీద నిలబడి విజిలు నోట పెట్టుకోబోతున్నాడు. నోటు అందించగానే అతని ముఖంలో ఊరట కనిపించింది. “డిపోలో లెక్క తగ్గితే నా చేతి నుండే కట్టాలి సార్” అన్నాడు.

వెనుకకు వచ్చేసరికి అమ్మీ పండ్ల బండి దగ్గర నిలుచున్నారు.

“ఆ కార్డు వస్తే ఇలాంటి పొరపాటు జరగదు కదా?”

“జరగదు అమ్మీ.”

“అయితే రానివ్వు, మంచిదే. పాపం, ఆ అబ్బాయికి రాత్రి నిద్ర పడుతుంది. కానీ నోటు చేతబట్టుకొని ఎక్కిన ముసలివాళ్ళను మాత్రం దింపకూడదు.”

కిలో బత్తాయిలు తీసుకొని ఖాలా ఇంటివైపు నడిచాము. తిరుగు ప్రయాణానికి ఆధార్ కార్డు ఉన్నదో లేదోనని అమ్మీ దారిలో రెండుమార్లు బటువా తడిమి చూసుకున్నారు.