విప్పుటయు బిగించుటయు

మెకానికునకు ఇయ్యవలసిన కూలి మిగులునను ఆశతో ఇంటి వసారాలో మోటారుసైకిలు ఇంజిను విప్పబూనువాడు, పానాలకును పుల్లర్లకును ఫీలరు గేజీకిని పెట్టిన సొమ్ము కూడి చూచుకొన్ననాడే ఆ ఆశను వదలుకొనును. అయినను ఇందొక లాభము లేకపోలేదు. నిపుణుడు చప్పుడు వినగనే రోగము తెలిసికొని, దానికి కావలసినంత మాత్రమే విప్పి, సాయంకాలమునకు బండి అప్పగించును. ఏది చూడవలెనో యెరుగని క్రొత్తవాడు అన్నిటిని చూచును.

అట్టివానికి పాత యెజ్డీకంటె అనుకూలమైన బండి మన దేశమున అరుదు. చెక్ జావా నమూనాపై 1961 నుండి మైసూరులో తయారై, 1973 నుండి యెజ్డీ యను పేర వెలసి, 1996లో ఆగిపోయిన ఆ సంతతిది 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు గల రెండు స్ట్రోకుల ఇంజిను. వాల్వులు లేవు, కామ్‌షాఫ్టు లేదు. క్రిందుమీదులుగా ఆడు పిస్టనే సిలిండరు గోడలోని ద్వారములను మూయుచు తెరచుచు నుండును. కిక్కు కొట్టిన కాడయే ముందునకు మడచినచో గేరు మార్చు కాడ యగును. ఒక్క కాడతో సరిపెట్టిన ఆ శిల్పి, ఒక్క సిలిండరునకు రెండు సైలెన్సర్లేల తగిలించెనో!

నా బండి విడుచు దట్టమైన తెల్లని పొగయే నన్నీ పనికి పురికొల్పినది. పెట్రోలులో కలిపిన నూనె వలన కొంత పొగ సహజమే కాని, గేరు పెట్టెలోని నూనె నానాట తరుగుట సహజము కాదు. ఈ జాతి ఇంజినులో గాలియు పెట్రోలును ముందుగా పిస్టను క్రింది క్రాంకుకేసులో ప్రవేశించి, అచట నొక్కబడి, పిదపనే పైకెక్కును గనుక, ఆ గదికి ఎచ్చటను సందు ఉండరాదు. క్రాంకు ఇరుప్రక్కల నుండు రబ్బరు సీళ్ళలో క్లచ్చి వైపుది చెడినచో గేరు నూనె లోనికి పీల్చబడి పొగయగును. డైనమో వైపుది చెడినచో బయటి గాలి చొరబడి, మిశ్రమము పలుచనై, పిస్టను కాగి సిలిండరునకు పట్టివేయును.

రెండును చెడినవని విప్పిన పిమ్మట తెలిసినది. పిస్టను తలపై బొగ్గు పెచ్చు కట్టియుండెను. ఎగ్జాస్టు వైపున మాత్రము నిలువు గీతలు పడియుండుట చూడగా, వేడి ఏ దిక్కున మిక్కుటమో పిస్టనే స్వయముగా చెప్పుచున్నట్లుండెను. రింగు కొనలు తిరుగుచు పోయి ద్వారములలో చిక్కి విరుగకుండ గాడిలో ఆవగింజంత పిన్ను నొకదానిని నాటియుండుట చూచి, ఎంతసేపో అట్లే కూర్చుంటిని. కిరసనాయిలుతో కడిగిన నట్లు పెండ్లినాటి తాంబాళములలోనికి చేరుట గమనించిన ఇల్లాలికి ఈ తన్మయత్వము బొత్తిగా బోధపడలేదు.

ఇంట చేయరాని పనులును కలవు. ప్రెస్సుతో కూర్చిన క్రాంకును ఊడదీసి క్రొత్త కనెక్టింగు రాడ్డు వేసి సరిచూచుటకును, బోరును పావు మిల్లీమీటరు పెంచి ఓవర్‌సైజు పిస్టనునకు అనువు చేయుటకును లేతు షాపునకే పోవలెను. బిగించుట మాత్రము నాదే. సర్కిలిప్పు జారి లోన పడకుండ క్రాంకుకేసు నోట గుడ్డ కుక్కి, హెడ్డు నట్లను ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగించితిని. అల్యూమినియమునకు క్షమ తక్కువ. మర యొకసారి చెడెనా, బ్రతిమాలినను నిలువదు.

ఇంజిను అందుకొన్నది, పొగయు వెనుకటివలెనే వచ్చినది. వీధిని పోవుచున్న వృద్ధ మెకానికొకడు సైకిలు దిగకయే, "సీలు పోయింది బాబుగారూ, ఇంజిను దింపాలి" అనెను. సైలెన్సర్లలో పేరుకొన్న పాత నూనె కాలి పోవుటకు కొంత దూరము నడపవలెనని నేను విన్నవించితిని. ఆయన నమ్మక, ఊరంతయు త్రిప్పి తెమ్మని, తిరిగి వచ్చునంతవరకు అరుగుమీద కూర్చుండి, ప్లగ్గు విప్పించి చూచెను. అది గోధుమవన్నెగా నుండెను.

"సీళ్ళు ఎక్కడ దొరికాయండీ?" అని అడిగెను.