కాగితం కాపలా

అద్దె ఇంట్లో కాపురం చేసిన ఇల్లాలికి ఒక సంగతి బాగా తెలుసు. ఇంటి పెద్దాయన ఎంత మంచివారైనా, పెత్తనం కొడుకు చేతికి వచ్చిన రోజున మన కథ మళ్లీ మొదటికొస్తుంది. పెరట్లో మనం వేసుకున్న కరివేపాకు మొక్క సాక్ష్యానికి రాదు.

పరాయి దేశాల్లో పెద్ద పెద్ద నిర్మాణాలు చేపట్టేవారిదీ ఇదే బెంగ. దానికి వాళ్లు ‘పొలిటికల్ రిస్క్’ అని గంభీరమైన పేరు పెట్టుకున్నారు, అంతే.

మాల్దీవుల సంగతే చూడండి. 2010లో అక్కడి ప్రభుత్వం మాలే విమానాశ్రయాన్ని విస్తరించి, 25 ఏళ్లపాటు నడిపే పనిని మన జి.ఎం.ఆర్. సంస్థకీ, దానితో జతకట్టిన మలేషియా సంస్థకీ అప్పగించింది. జి.ఎం.ఆర్. అంటే మన రాజాం గ్రంథి మల్లికార్జునరావుగారిదే. సంతకాలయ్యాయి, పని మొదలైంది. 2012 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నషీద్ గద్దె దిగారు. ఆ నవంబరులో కొత్త ప్రభుత్వం, “ఈ అగ్రిమెంటు చెల్లదు, ఏడు రోజుల్లో అప్పగించండి” అంది! మనకైనా నెల గడువిస్తారు కదండీ!

ఉన్నట్టుండి వచ్చిన ఉపద్రవమా అంటే, కాదు. విదేశాలకు వెళ్లే ప్రయాణికుల దగ్గర తలకి 25 డాలర్లు వసూలు చేసే ఏర్పాటు ఒప్పందంలో ఉంది. దానిమీద ప్రతిపక్షం కోర్టుకెక్కింది. 2011 డిసెంబరులో కోర్టు కూడదంది. నిప్పు అప్పుడే రాజుకుంది.

అయితే రాసుకున్న రోజునే ఒక జాగ్రత్త పడ్డారు. పేచీ వస్తే తీర్పు ఇద్దరికీ కాని సింగపూరులో! అక్కడి కోర్టు, విమానాశ్రయం వెనక్కి తీసుకునే అధికారం ఆ ప్రభుత్వానికి ఉందనేసింది. కానీ 2014లో మధ్యవర్తులు ఒప్పందం చెల్లుతుందనీ, రద్దు చేయడం తప్పనీ తేల్చారు. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం ముట్టింది. ఇలాంటి గండాలకి బీమా కూడా ఉందట! ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ‘మిగా’ అనే సంస్థ ఇస్తుంది.

డబ్బొచ్చింది, సరే. విమానాశ్రయం మాత్రం రాలేదు. కాగితం మన సొమ్ముకి కాపలా కాస్తుంది గానీ, మన చోటుకి కాయలేదు.

అందుకే నాకనిపిస్తుంది, అసలు జాగ్రత్త సంతకానికి ముందే పడాలని. గద్దెమీద ఉన్నవారినే కాదు, రేపు ఎక్కబోయేవారినీ, ఆ 25 డాలర్లు జేబులోంచి తియ్యవలసిన మనిషినీ ముందే పలకరించాలి. వాటా చూడ్డానికి వెళ్లినప్పుడు మనం పెద్దాయనతో మాట్లాడి ఊరుకుంటామా? కొడుకునీ, కోడల్నీ, నూతి దగ్గర పక్కవాటా ఆవిణ్నీ పలకరించాకే కదూ, అడ్వాన్సు ఇచ్చేది!