నాగోబా సన్నిధికి గోదావరి జలము

కరీంనగరము, ఆదిలాబాదు సీమలకు నడుమ గోదావరి యెల్లగా ప్రవహించుచున్నది. 2016వ సంవత్సరమున ఈ జిల్లాలు పెక్కు భాగములై, ధర్మపురి జగిత్యాల జిల్లాలోనికిని, జన్నారము మంచిర్యాల జిల్లాలోనికిని చేరినవి. అయినను పెద్దల నోట నేటికిని ఈవలి గట్టు కరీంనగరమే, ఆవలి గట్టు ఆదిలాబాదే. పుష్యమాసమున మే మీ రెండు గట్లను దర్శించి వచ్చితిమి. ఆ యాత్రావిశేషములను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మొదట ధర్మపురి చేరితిమి. నరసింహశతకమును రచించిన శేషప్పకవి ఈ యూరివాడే. లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో యమధర్మరాజునకును గుడి కలదు. అభయ మిచ్చు స్వామియు, ఆయువు తీర్చు ధర్ముడును ఒక్క ప్రాకారములో నుండుట చూచి, మా వెంట వచ్చిన వృద్ధురా లొకతె, "ఇద్దరినీ ఒక్కసారే మొక్కుకోవచ్చు" నని నవ్వెను.

స్నానఘట్టమున కూర్చుండినపు డొక తలపు మమ్ము విడువదయ్యెను. ఆపన్నులకై భగవంతుడు పరుగున వచ్చుట మనము చిన్ననాటినుండి చదువుకొన్నదే. గజేంద్రుని కొఱకు మడుగునకు వచ్చెను. ప్రహ్లాదుని కొఱకు స్తంభమునుండి వెడలెను. కాని మొసలియు స్తంభమును లేని మన యిండ్లలో, పంట పోయిన యేట, ధాన్యపుగాదె యడుగంటిన దినమున, ఆ రాక యే రూపమున నుండును? పురాణము విని యింటికి వచ్చి పొయ్యి ముట్టించుకొను ప్రతి యిల్లాలికిని ఈ ప్రశ్న యెదురగునదే.

రాయపట్నము వంతెనమీదుగా నది దాటి, లక్సెట్టిపేట మార్గమున జన్నారము చేరితిమి. అచట కలమడుగు చెంత గోదావరిలో హస్తినమడుగు అను తావు కలదు. ఆ పేరు విన్నంతనే మాకు గజేంద్రుడు తలపునకు వచ్చెను. కాని గోండులలో మెస్రం వంశమువారి కది వేఱొక విధమున పవిత్రము. ఏటేట పుష్యమాసమున వారు కేస్లాపూరునుండి చెప్పులు లేని కాళ్లతో, పలుదినములు అడవిదారుల నడచి యీ మడుగునకు వత్తురు. ఝరి యను పాత్రను గోదావరి జలముతో నింపి, తిరిగి కాలినడకనే కొనిపోయి, పుష్య అమావాస్యనాటి రాత్రి తమ కులదైవమైన నాగోబాకు అభిషేకింతురు. మేము ధర్మపురిలో మునిగిన నదియే వారి ఝరిలోనిదియును.

జన్నారమునుండి అడవి మొదలు. టేకుచెట్ల నడుమ ఉట్నూరు దాటి ఇంద్రవెల్లి చేరినచో, 1981 ఏప్రిల్ 20వ తేదీన పోలీసుల కాల్పులలో మరణించిన గిరిజనుల స్మారకస్తూపము కానవచ్చును. భూమికొఱకు మొఱపెట్టుకొన వచ్చినవారు వారు. ఝరిని కొనివచ్చు యాత్రికులును ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి సాగుదురు. దుఃఖపు గుర్తును, దేవత గుడియు ఒక్క యూరనే యున్నవి.

కేస్లాపూరు అచ్చటికి సమీపమే. నాగోబా కోవెల నిపుడు రాతితో కట్టినారు. మెస్రం కుటుంబములవారు తమలో తాము చందాలు వేసికొని కట్టించుకొన్న ఆ గుడి 2022లో ప్రతిష్ఠ పొందినది. గుడికి కొంత దూరమున మఱ్ఱిచెట్ల నీడ వారి విడిది. పూజకు వలయు కుండలను సిరికొండ కుమ్మరులు చేసి యిత్తురు. ఇది తరతరముల కట్టడి. కుండ యొకరిది, నీరు తెచ్చుట యింకొకరిది. కోనేటినుండి ఆడపడుచులు తెచ్చిన నీటితో పుట్టమన్ను మెదుపుటయు పూజలో భాగమే. ఎవరి వంతు వారు తప్పినచో దేవుని పూజ సాగదు.

మాకు మిక్కిలి యబ్బురము గొల్పినవి పొయ్యిలు. ఎన్ని వందల కుటుంబములు వచ్చినను వంట యిరువదిరెండు పొయ్యిల మీదనే జరుగవలెను. వంతులవారీగా వండుకొందురు. అచట జొన్నపిండి పిసుకుచున్న యొక పెద్దామెతో మాటలు కలిపితిమి. ఆమె యింటిభాష గోండియైనను తెలుగు బాగుగనే వచ్చును.

"ఈ ఏడు పత్తి అంత వానకే పాయెనమ్మా. అప్పు మిగిలింది," అనెను.

"మఱి యింత కష్టములో యాత్ర మానుకొనరాదా?" అని యడిగితిమి.

"కొత్త కోడలిని దేవునికి చూపెట్టకపోతె ఎట్ల? దేవుడు మాకు బాకీ పెట్టడు. మేమెందుకు పెడుతం?"

ఆ మాటలలోనే ఆమె పిండిసంచి ఖాళీయయ్యెను. అడుగకమునుపే ప్రక్కనున్న యిల్లా లొక చేటెడు పిండి తెచ్చి పోసి, మాఱుమాట లేక తన పనికి పోయెను. మేము చూచుచుండుట గమనించి పెద్దామె, "పోయినేడు నేను పోసిన," అని మరల పిండి పిసుకసాగెను.

అమావాస్య రాత్రి మహాపూజ. వంశమువారు కానివారు దూరముగ నిలుచుట అచటి మర్యాద. పూజ ముగిసిన పిదప భేటింగు జరిగినది. మెస్రం యింట మెట్టిన క్రొత్త కోడండ్రు తెల్లచీరలు కట్టి, ముసుగు వేసికొని, అత్తలవెంట వచ్చి దేవునికి పరిచితు లగుదురు. అంతటినుండియే వారు వంశమువా రగుదురు. పత్తి పోయిన యింటి కోడలును ఆ వరుసలోనే యుండెను. ఆమె ముసుగును అత్త సవరించుట చూచితిమి.

ఈ జాతరలోని దర్బారుకును ఒక చరిత్ర కలదు. 1940లో జోడేఘాటు కొండలలో కొమరం భీము నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. పిమ్మట గోండుల బాధలకు కారణము తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియమించెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో మార్లవాయి గ్రామమున గుడిసెలో నివసించెను. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణాలయ మచట వెలసినది. బడిపంతులింటి యాడవారమైన మాకు ఆ సంగతి మిక్కిలి ప్రియమాయెను. జాతరకు వచ్చినవారి మొఱలను అధికారులే వచ్చి వినునట్టి దర్బారు ఆ దశకముననే మొదలైనది. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే కలదు.

దర్బారులో ఆ పెద్దామెయు నొక యర్జీ పట్టుకొని వరుసలో కూర్చుండెను. దేవుని నమ్మితిమి గదా యని ఆమె యర్జీ మానలేదు. యర్జీ యిచ్చితిమి గదా యని దేవుని మఱువలేదు. ధర్మపురి ఘట్టమున మాకు తోచిన ప్రశ్నకు శాస్త్రార్థ మెవరును చెప్పలేదు గాని, ఆ చేటెడు జొన్నపిండి మాత్రము మా కన్నులయెదుట పోయబడినది.

పోగోరువారు పుష్య అమావాస్యకు రెండుదినములు ముందుగ చేరవలెను. కరీంనగరమువారికి జన్నారము, ఉట్నూరు దారియు, ఆదిలాబాదువారికి గుడిహత్నూరు దారియు సుకరము. రాత్రులు చలి మెండు, కంబళ్లు మఱువరాదు. మూటలో ఒక శేరు పిండి యధికముగ నున్నను మంచిదే. ప్రక్కపొయ్యివారికి కావలసి యుండవచ్చును.