మసూర్ పప్పు, లేజర్, మా ఆపా ఫికర్

యూసుఫ్‌గూడలో మా ఆపా ఇంట్లో ఈ నెలంతా ఒకటే బహస్. కూతురు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసింది, జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంది, లేజర్ మీద పరిశోధన చేస్తానంటోంది. "లేజర్ అంటే ఏమిట్రా? ఫిల్మ్‌నగర్ సెట్లలో పాటకి వేసే పచ్చ లైట్లేనా? దానికి ఐదేళ్లు చదవాలా? రిష్తాలు ఆగుతాయా?" ఇదీ ఆపా సవాల్. జాయిజ్ సవాలే. జవాబు మన ఘరానాలన్నిటికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

నా ఉర్దూ మీడియం కితాబ్‌లో లెన్స్ పేరు 'అద్‌సా'. తెలుగులో అదే 'కటకం'. అరబ్బీలో 'అదస్' అంటే మసూర్ పప్పు. లాటిన్‌లో 'లెన్స్' అన్నా మసూర్ పప్పే! ఆ గాజుబిళ్ల ఆకారం అలాంటిది మరి. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైసమ్ 'కితాబుల్ మనాజిర్'లో, కంట్లోంచి కిరణాలు బయటికి పోవు, వస్తువు నుంచి వెలుగే కంట్లోకి వస్తుందని తజుర్బాలతో చూపించాడు. 1960లో మొదటి గ్యాస్ లేజర్ తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు తెహ్రాన్‌లో పుట్టిన అలీ జావాన్. లేజర్ మెరుపులతో రసాయన చర్యల్ని క్షణక్షణం పట్టి చూసినందుకు 1999లో ఈజిప్టు అహ్మద్ జెవైల్‌కి నోబెల్ వచ్చింది. ఈ ఇల్మ్ మనకి పరాయిది కాదు.

మా భాంజీ చేయాలనుకుంటున్నది లేజర్ కిరణాన్ని కుదురుగా నిలిపే పని. మే నెలలో తారురోడ్డు మీద గాలి అల్లాడుతుంది చూడండి, ఆ వేడిగాలే కిరణాన్నీ వణికిస్తుంది. ఎంత తప్పిందో సెన్సర్ కొలుస్తుంది, చిన్న అద్దం అంతమేర ఎదురు కదులుతుంది, మళ్లీ కొలత. సెకనుకి వందలసార్లు. దీని పేరే కంట్రోల్ ఇంజనీరింగ్. మన ట్యాంకులో నీళ్లు నిండగానే తేలే బంతి లేచి ధార ఆపేస్తుంది కదా, సూత్రం అదే. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో బనూ మూసా అన్నదమ్ములు ఇలా తేలే మూతలతో యంత్రాలు రూపొందించారు.

లాసిక్ ఆపరేషన్‌లో కన్ను కాస్త కదిలినా కెమెరా పసిగడుతుంది, అద్దాలు కిరణాన్ని కంటి వెంటే తిప్పుతాయి. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ని కూల్చింది. దాన్ని తయారుచేసిన 'చెస్' ల్యాబ్ హైదరాబాద్‌దే. కన్ను బాగుచేసే దానికీ, డ్రోన్‌ని కాల్చే దానికీ గురి నిలిపే లెక్క దాదాపు ఒకటే. నియ్యత్ మాత్రం మనిషిది. మా భాంజీ మనసు కంటి వైపే ఉంది.

ఇక పైసల సంగతి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. అంటే దూల్హా భాయ్ జేబు మీద బోజా లేదు. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రాయదుర్గం, అక్కణ్నుంచి సెంట్రల్ యూనివర్సిటీకి బస్సు. ల్యాబ్‌లో ఇషా దాటిపోయే రోజులూ ఉంటాయి, దాచను. ఒక్కోసారి ఆరు నెలల మెహనత్‌కి ఫలితం సున్నా రావచ్చు. అది తట్టుకునే సబర్ పిల్లకి ఉందా అని అడగండి. రిష్తా వాళ్లేమంటారో తర్వాత చూసుకోవచ్చు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే, కాదనే ముందు ఒక్కసారి తనని కూర్చోబెట్టి ఏం చదవాలనుకుంటోందో పూర్తిగా చెప్పనివ్వండి. మధ్యలో అడ్డు రాకండి.